ముందు వదులుకునేది ఎవరు? అణు నిరోధక వాదం వెనుక కథ

అణ్వాయుధాలు లేని లోకం కావాలా అని కాకినాడలోనో అమలాపురంలోనో ఎవరిని అడిగినా కావాలనే అంటారు. పేచీ అక్కడ లేదు. ముందు ఎవరు వదులుకోవాలి, వదులుకున్నవారికి రక్షణ ఎవరిది అన్న దగ్గరే మాట తెగదు. మన తీరంలోనే జలాంతర్గాముల క్షిపణులను పరీక్షిస్తున్న ఈ రోజుల్లో గోదావరి డెల్టాకు ఇది దూరపు చర్చ కాదు.

ఈ సముద్రం మీదుగా యుద్ధం రాగలదని డెల్టా 1942 ఏప్రిల్ 6న చూసింది. ఆ రోజు జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. మూడేళ్లు తిరిగేసరికి అదే జపాన్‌లో హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాయి. అప్పటికి అణుబాంబు ఒక్క అమెరికా దగ్గరే ఉంది. నిరోధక వాదానికి, అంటే తిరిగి కొడతారన్న భయమే శత్రువును ఆపుతుందన్న వాదానికి, మూలం ఈ వాస్తవమే. బాంబు ఒక పక్షం దగ్గరే ఉన్నప్పుడు అది పేలింది. రెండు పక్షాల దగ్గరా ఉన్న ఏ యుద్ధంలోనూ ఇంతవరకు పేలలేదు.

అణు శాస్త్రంతో డెల్టాకు పాత చుట్టరికమే ఉంది. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేశారు. స్వదేశం వచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్రానికి పునాది వేశారు. ఆ కాలంలో మన దేశం బాంబు కోరుకోలేదు. అణు పరీక్షలన్నీ ఆపాలని 1954లోనే నెహ్రూ ప్రపంచాన్ని అడిగారు.

ఆ మాట ఎవరూ వినలేదు. 1962 యుద్ధం గాయం మానకముందే, 1964 అక్టోబరులో చైనా అణు పరీక్ష జరిపింది. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలనే అణు దేశాలుగా గుర్తించి మిగిలినవారికి తలుపు మూసింది. నిరాయుధీకరణపై చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని ఒప్పందంలో చేరిన అణు దేశాలు రాసిచ్చాయి, గడువు మాత్రం పెట్టుకోలేదు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం ముగింపుకొస్తుండగా అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. ఆ బెదిరింపును ఢిల్లీ మరచిపోలేదు. 1974 మేలో పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష జరిగింది.

అయినా మనం నిరాయుధీకరణ మాట వదల్లేదు. 2010 నాటికి అణ్వాయుధాలన్నీ పోవాలని 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో ప్రణాళిక పెట్టారు. దాన్ని పట్టించుకున్నవారు లేరు. 1995లో వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేశారు, ఆ ఐదుగురి ప్రత్యేక హోదాతో సహా. అదే ఏడాది పి.వి. నరసింహారావు ప్రభుత్వం పరీక్షకు సిద్ధమై, అమెరికా ఉపగ్రహాలు పసిగట్టడంతో ఆగింది. 1998 మేలో వాజపేయి ప్రభుత్వం ఆ పని పూర్తిచేసింది.

నిరాయుధీకరణ మీద నాలో సందేహం గట్టిపడింది మాత్రం ఉక్రెయిన్‌ను చూశాకే. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఆ దేశంలో సుమారు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లు (క్షిపణులు, విమానాలు మోసుకెళ్లే బాంబులు) మిగిలాయి. వాటి ప్రయోగ నియంత్రణ మాస్కో చేతిలోనే ఉండేదన్నది నిజం. అయినా వాటిని అప్పగించినందుకు బదులుగా 1994లో బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు చేశాయి. 2014లో క్రిమియా పోయింది. 2022లో దేశం మీదికే సైన్యం వచ్చింది. హామీ ఇచ్చినవారిలో ఒకరు దండెత్తితే, మిగతావారు ఆయుధాలు పంపారు గానీ సైన్యాన్ని పంపలేదు. దీన్ని చూసిన ఏ దేశమైనా తన బాంబును అప్పగిస్తుందని నమ్మడం కష్టం. 2017లో 122 దేశాలు ఆమోదించిన నిషేధ ఒప్పందంలో అణ్వాయుధాలున్న ఒక్క దేశమూ చేరలేదు.

మన 2003 అణు విధానం రెండు మాటల మీద నిలిచింది: ముందుగా ప్రయోగించబోం, నిరోధానికి సరిపడా కనీస ఆయుధాలే ఉంచుకుంటాం. మొదటి దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగలిగితేనే ఆ మొదటి మాటకు విలువ. నేల మీది క్షిపణులను శత్రువు వెతికి పట్టుకోవచ్చు, నీటి అడుగున తిరిగే జలాంతర్గామిని పట్టుకోవడం చాలా కష్టం. 2009లో విశాఖలో జలప్రవేశం చేసిన మన అణు జలాంతర్గామి అరిహంత్‌కు అర్థం అదే. దాని కె-15 క్షిపణి సుమారు 750 కిలోమీటర్లే వెళ్తుంది. బంగాళాఖాతం నుంచి ప్రయోగిస్తే చైనా, పాకిస్థాన్ ప్రధాన నగరాలను చేరడానికి అది చాలదు. 2020 జనవరిలో ఆంధ్ర తీరంలో పరీక్షించిన కె-4 పరిధి 3,500 కిలోమీటర్లు.

అణ్వాయుధాలు వద్దనేవారి భయాన్ని కూడా నేను కొట్టిపారేయను. 1986 వరద తర్వాత ఏటిగట్లు ఎత్తు చేసిన డెల్టాకు తెలుసు, ఒక ఒడ్డున గట్టు పెంచితే వరద ఎదుటి ఒడ్డును ఒరుసుకుంటుంది. ఆయుధాల పోటీ కూడా అలాంటిదే. పైగా పొరపాట్లు జరుగుతాయి. 2022 మార్చిలో మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్థాన్‌లో పడింది. అందులో వార్‌హెడ్ లేకపోవడం అదృష్టం. ఆయుధం ఉంచుకోవాలని వాదించేవారే దాని భద్రత గురించి అందరికంటే గట్టిగా నిలదీయాలి.

ప్రపంచంలో 1980ల మధ్యలో సుమారు 70,000 ఉన్న వార్‌హెడ్లు నేడు 12,000 దరిదాపులకు దిగాయంటే, ప్రధానంగా అది ఆయుధాలున్న అమెరికా, రష్యా ఒకరినొకరు తనిఖీ చేసుకుంటూ కుదుర్చుకున్న ఒప్పందాల ఫలితం. 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్థాన్ 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాత కూడా అది ఆగలేదు. చైనాతో మనకు అలాంటి ఏర్పాటే లేదు. ఇప్పుడు ఢిల్లీ బీజింగ్‌ను పట్టుబట్టి అడగవలసింది ముందుగా దాన్నే.