చోటు వదిలినా చావని కణం

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో అరికాలి మీద నల్లమచ్చ కనిపిస్తే ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో అనుకుంటారు. పత్తి చేలల్లో, పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే కాళ్లకు అది సహజమే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మన దేశంలో అరుదు. వస్తే మాత్రం తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి నెలలు గడిచిపోతాయి.

ఆ నెలల్లో క్యాన్సర్ కణాలు పుట్టిన చోటు వదిలి ఒంట్లో మరో చోటికి ఎలా పాకుతాయో తెలుసుకోవడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనం లాంటిదని, తగిన నేల, అంటే తనకు సరిపడే అవయవం, దొరికితేనే మొలుస్తుందని అన్నాడు. మరి దారిలో అది ఎలా బతుకుతోంది? ఆ ప్రశ్న చాలాకాలం అలాగే ఉండిపోయింది.

1994లో అమెరికాలో స్టీవెన్ ఫ్రిష్, హంటర్ ఫ్రాన్సిస్ ఒక సంగతి చూపించారు. మామూలు పైపొర కణాన్ని దాని చోటు నుంచి విడదీస్తే తనంతట తానే చచ్చిపోతుంది. దీన్ని అనోయికిస్ అన్నారు. కణం మీది ఇంటెగ్రిన్ ప్రొటీన్లు చుట్టూ ఉన్న అల్లికను పట్టుకుని ఉన్నంతసేపే బతకమన్న సంకేతం లోపలికి అందుతుంది. పట్టు తప్పితే బిమ్ లాంటి ప్రొటీన్లు పెరిగి కణాన్ని చంపేస్తాయి. ఒంటికి ఇది గొప్ప కాపలా.

మెలనోమా ఈ కాపలాను దాటేస్తుంది. చాలా మెలనోమాల్లో కణానికి పెరగమని సంకేతమిచ్చే బీరాఫ్ (BRAF) అనే జన్యువు మారిపోయి ఉంటుందని 2002లో తేలింది. ఆ మార్పు ఉంటే పట్టు లేకపోయినా బతుకు సంకేతం ఆగదు, బిమ్ తలెత్తదు. ఆ మార్పు ఉన్నవాళ్ల కోసం వెమురఫెనిబ్ మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే అరికాలి మెలనోమాలో ఈ మార్పు తక్కువగా కనిపిస్తుంది. అంటే మన దగ్గర చాలామంది రోగులకు ఆ మందు పనికిరాదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అలాగని విడిపోయిన ప్రతి కణమూ బతకదు. రక్తంలోకి వచ్చిన మెలనోమా కణాల్లో చాలావాటిని ఆక్సీకరణ ఒత్తిడి (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థాల దెబ్బ) చంపేస్తుందని 2015లో టెక్సాస్‌లో షాన్ మోరిసన్ బృందం ఎలుకల్లో చూసింది. ముందు లింఫ్ (కణాల మధ్య నుంచి గ్రంథులకు చేరే పలచటి ద్రవం) గుండా వెళ్లిన కణాలు అక్కడి ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వును తీసుకుని ఆ ఒత్తిడిని తట్టుకుంటాయని 2020లో అదే బృందం తేల్చింది. అరికాలి నుంచి లింఫ్ చేరేది గజ్జల్లోని గ్రంథులకు. నల్లమచ్చ ఉన్న మనిషికి గజ్జల్లో బిళ్ల కట్టిందంటే డాక్టర్లు టెన్షన్ పడేది అందుకే.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టర్లు ఉన్నారు. పెరుగుతున్న, రంగు మారుతున్న మచ్చను వాళ్లకు చూపించాలి. ఆనెకాయ అనుకుని బ్లేడుతో కోయించుకుంటే, బయాప్సీకి (క్యాన్సరో కాదో తేల్చే పరీక్షకు) వెళ్లాల్సిన ముక్క చెత్తలో పోతుంది.