వేరుకు ఊపిరాడాలి

మొన్న కోనసీమలో చేను గట్టు మీద కూర్చుని ఉంటే మావయ్య అడిగాడు: "ఏరా అల్లుడూ, ఎగువన ఆదిలాబాద్ వైపు సోయా తెగ వేస్తారంట కదా. వాళ్లదీ మనదీ ఒకటే గోదారి. దాళ్వాకి మనమూ ఓ ఎకరం వేసి చూద్దామా?"

గోదారి ఒకటే. నేల వేరు, కాలం వేరు. కానీ అసలు సంగతి వేళ్లలో ఉంది.

ఒక ఆగస్టులో బాసర దగ్గర సోయా మొక్క పీకి చూశాను. వేళ్లకు మిరియపు గింజల్లా బుడిపెలు. ఒకటి గోరుతో చిదిపితే లోపల లేత ఎరుపు. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం అది. బుడిపెలో కాపురమున్న బ్యాక్టీరియాకు ఆక్సిజన్‌ను కొలిచి అందిస్తుంది. ఆ బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మారుస్తుంది. అదే చేలో వాన నీళ్లు నిలిచిన పల్లంలో మొక్కలు పసుపు తిరిగాయి. అక్కడి బుడిపెలు చిదిపితే ఎరుపు లేదు, ఆకుపచ్చగా, బూడిదగా ఉన్నాయి. ఆక్సిజన్ గాలిలో కన్నా నీటిలో దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నీళ్లలో నిలబడిన సోయా ఊపిరాడక, ఆ వెనకే నత్రజని అందక నీరసిస్తుంది. అందుకే నల్లరేగళ్లలో ఎత్తు మడులు చేసి, మధ్యన కాలువలు తీసి విత్తమంటారు. సోయాకి నీరు పెట్టడం ఎంత ముఖ్యమో తీసేయడమూ అంతే.

వరి సంగతి వేరు. దాని వేరును అడ్డంగా కోస్తే లోపల గాలి గొట్టాలు కనిపిస్తాయి, ఆకు నుంచి ఊపిరి వేరు దాకా దిగుతుంది. వరి కోసమే మనం ఏటా దమ్ము చేసి మట్టి రంధ్రాలు మూసేస్తాం, నీరు ఇంకకుండా. వరికి పరుపు లాంటి ఆ బురద సోయాకి ఉరి.

ఇక రకం మాట. సోయా రాత్రి పొడవును బట్టి పూస్తుంది. మన దగ్గర జూన్ పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11. జూన్‌లో ఏపుగా పెరిగే రకాన్ని తెచ్చి డిసెంబరులో, అంటే దాళ్వాకి, చల్లితే, మొక్క ఎదగకముందే పూతకొచ్చేస్తుంది. నాలుగు కొమ్మలు లేనిదానికి కాయలెక్కడివి? పైగా పూత దశలో కాస్త ఎండినా మళ్లీ పూస్తుంది గానీ, గింజ కట్టేటప్పుడు తడి ఆరితే గింజ పీలగా మిగులుతుంది, ఇక సర్దుకోదు. తేలిక నేలల వాళ్లు జేఎస్ 335 అనే సోయా రకం కన్నా ముందే, మూడు నెలల లోపే కోతకొచ్చే జేఎస్ 95-60 లాంటి రకాలు చూసుకునేది ఇందుకే. తడి ఉండగానే పంట చేతికొస్తుంది.

మన వరిలోనూ లెక్క అదే, నీటిని బట్టే రకం. 1982లో మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ మునిగితే తల పైకి పెట్టాలని సాగుతుంది. దాచుకున్న చక్కెరంతా సాగడానికే ఖర్చుపెట్టి, నీరు తీశాక చతికిలబడుతుంది. ఒడిశా నాటురకం నుంచి మునకను ఓర్చుకునే సబ్1 జన్యువు తీసుకున్న స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. అది మునిగితే కదలదు, ఊపిరి బిగబట్టి పడుంటుంది. రెండు వారాల దాకా ఓర్చుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది.

ఇదంతా చెప్పి, సోయా వద్దు గానీ వరి కోతకు రెండు రోజుల ముందు ఎప్పట్లాగే మినుము చల్లేయమన్నాను. అది నేలలో మిగిలిన తడితో, మంచుతో గట్టెక్కుతుంది.

మావయ్య ఊఁ కొట్టి, చేను చివర గుర్రపు డెక్కతో పూడిపోయిన మురుగు కోడు వైపు చూశాడు. "రెండు వారాలే ఓర్చుకుంటుందన్నావు కదరా. మొన్న సార్వాలో మన చేలో నీళ్లు పద్దెనిమిది రోజులున్నాయి."