జీవముక్తి యోగా: మైసూరు ఆసనం, న్యూయార్క్ అహింస

హార్మోనియం శ్రుతిలో మంత్రంతో తరగతి మొదలవుతుంది. ఒక యోగసూత్రం మీద గురువు కాసేపు మాట్లాడతారు. ఆ తర్వాత పాటలు వినిపిస్తుండగా, శ్వాసతో ముడిపడిన ఆసనాలు ఒకదాని వెంట ఒకటి, ఒళ్లంతా చెమట పట్టేదాకా. చివర శవాసనం, ధ్యానం. చూసేవాళ్లకు ఇదంతా ప్రాచీన సంప్రదాయం ఉన్నదున్నట్టు దిగివచ్చినట్టే ఉంటుంది. కానీ జీవముక్తి యోగా పుట్టింది 1984లో, న్యూయార్క్‌లో. షారన్ గానన్, డేవిడ్ లైఫ్ అనే ఇద్దరు కళాకారులు దీన్ని రూపొందించారు.

పేరు మాత్రం పాతదే. బతికుండగానే బంధాలు వీడటాన్ని వేదాంతులు జీవన్ముక్తి అన్నారు. 14వ శతాబ్దంలో విద్యారణ్యులు ‘జీవన్ముక్తి వివేకం’ రాసింది దాని గురించే.

ఇక ఆసనాల సంగతికొస్తే మైసూరు వెళ్లాలి. 1930లలో నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆశ్రయంలో తిరుమలై కృష్ణమాచార్య అక్కడ యోగశాల నడిపారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ 1948లో అదే ఊళ్లో సొంత సంస్థ పెట్టి అష్టాంగ విన్యాసం నేర్పారు. గానన్, లైఫ్ ఆయన దగ్గర సాధన చేశారు. జీవముక్తిలోని వేగం, శ్వాసతో కదలికను కలిపే తీరు అక్కడివే. కాకపోతే జోయిస్ పద్ధతిలో ఆసనాల వరుస మారదు. జీవముక్తి గురువుకు తరగతిని తన తీరులో కూర్చుకునే వెసులుబాటు ఉంది. కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల్లో ఉన్న స్వామి నిర్మలానంద, న్యూయార్క్ రాష్ట్రంలో ఆనంద ఆశ్రమం నడిపిన బ్రహ్మానంద సరస్వతి కూడా ఈ ఇద్దరికీ గురువులే.

శాస్త్రం, భక్తి, అహింస, నాదం, ధ్యానం అనే అయిదింటిని ఈ పద్ధతికి మూలస్తంభాలుగా పెట్టుకున్నారు. వీటిలో అసలు కొత్తదనం అహింసను చదివిన తీరులో ఉంది. యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన యమాల్లో, అంటే యోగి పాటించాల్సిన నిగ్రహాల్లో, మొదటిది అహింసే. దాన్ని గానన్ జంతు హక్కులతో కలిపి, మాంసమే కాదు, పాలు, నెయ్యి, తేనె కూడా వద్దన్నారు. మన హఠయోగ గ్రంథాలు ఈ మాట అనలేదు. ‘హఠయోగ ప్రదీపిక’ యోగికి మంచి ఆహారమంటూ చెప్పిన పదార్థాల్లో పాలు, నెయ్యి, వెన్న, తేనె అన్నీ ఉన్నాయి. అయినా గానన్ వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఈనాటి భారీ పశుపోషణ కేంద్రాల్లో ఆవు బతుకు ఆ గ్రంథకర్త ఎరిగిన ఆవు బతుకు కాదు. సూత్రం పాతదే, హింస రూపం మారింది. ‘స్థిరసుఖమాసనమ్’ అన్న సూత్రాన్నీ వాళ్లు ఇలాగే విస్తరించారు: ఆసనమంటే కూర్చునే చోటు, ఆ చోటు భూమి, కాబట్టి భూమితోనూ ప్రాణులతోనూ మన సంబంధం స్థిరంగా, ఇరువైపులా సుఖంగా ఉండాలన్నారు. వ్యాఖ్యాన సంప్రదాయంలో ఈ అర్థం కనిపించదు. ఇది వాళ్ల సొంత చదువు. దాన్ని అలాగే చెప్పుకుంటే దాని విలువ తగ్గదని నా నమ్మకం.

నన్ను కలవరపెట్టేది మరొకటి. గురుభక్తి, శిష్యుల ఒంటిని చేత్తో పట్టి ఆసనం సరిచేయడం, రెండూ ఈ పద్ధతిలో గట్టిగా ఉన్నాయి. 2016లో న్యూయార్క్‌లో ఒక జీవముక్తి మాజీ శిష్యురాలు తనకు నేర్పిన గురువు మీద లైంగిక వేధింపుల ఆరోపణతో కోర్టుకెళ్లారు. ఆ తర్వాత జోయిస్ సర్దుబాట్ల పేరుతో తమను అనుచితంగా తాకేవారని పలువురు మహిళలు బయటికొచ్చి చెప్పారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ ఆ శిష్యురాళ్లకు కలిగిన బాధకు క్షమాపణ చెప్పారు. జోయిస్ అప్పటికి పదేళ్ల క్రితమే, 2009లో కన్నుమూశారు. ఆవు పట్ల అహింసను అంత పట్టుదలగా బోధించిన చోట, చాప మీద కళ్లు మూసుకున్న శిష్యురాలి శరీరం పట్ల అహింస ఎలా ఉండాలన్న ప్రశ్న అంత ఆలస్యంగా రావడం నాకు బాధ కలిగిస్తుంది.

న్యూయార్క్‌లోని వాళ్ల ప్రధాన పాఠశాల 2019 చివర మూతపడింది. అక్కడ తయారైన గురువులు వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఈ పద్ధతిని నేర్పుతూనే ఉన్నారు. ఈలోగా యోగా లోకంలో చాలాచోట్ల, తాకేముందు శిష్యుల అనుమతి అడగడం మొదలైంది.