ఏనుగు బొమ్మకు గొంతు ఎందుకు బొంగురుపోయింది?

మా చెల్లెలి కూతురికి మూడేళ్లు. దాని దగ్గర ఒక ఏనుగు బొమ్మ ఉంది. తొండం నొక్కితే ముందు ఒక ఆడగొంతు "హలో" అంటుంది, తర్వాత పాట మొదలవుతుంది. పొట్ట మీద ఎనిమిది రబ్బరు మీటలున్నాయి, సరిగమలన్న మాట. పోయిన ఆదివారం ఆ ఏనుగు "హలో"కి బదులు "హ్హా...లో..." అని మూలిగింది. పాట కూడా ఈడ్చుకుంటూ, బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. పిల్ల బొమ్మను నా ఒళ్లో పెట్టి, "మావయ్యా, ఏనుగుకి జ్వరమొచ్చిందా?" అని అడిగింది.

"సెల్స్ అయిపోయుంటాయిలే" అంది మా చెల్లెలు వంటింట్లోంచి. నిజమే. కానీ నాకు ఆ జవాబు చాలలేదు. సెల్స్ అయిపోతే టార్చిలైటు వెలుగు తగ్గుతుంది, అది అర్థమవుతుంది. అలాగే పాట కూడా మెల్లగా వినపడాలి కదా? శ్రుతి ఎందుకు దిగాలి? నడక ఎందుకు నెమ్మదించాలి? ఆ రెండూ ఒకేసారి ఎందుకు జరగాలి?

ఈ చివరి ప్రశ్నే అసలైనది. మన సంగీతం నేర్చుకునేవాళ్లు మొదట వినే మాట "శ్రుతిర్మాతా లయః పితా". తల్లి వేరు, తండ్రి వేరు. పాడేవాడు అలసిపోతే లయ నెమ్మదించవచ్చు, శ్రుతి మాత్రం తంబురా మీద నిలబడే ఉంటుంది. కానీ ఈ బొమ్మలో తల్లీ తండ్రీ ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో చూద్దామని స్క్రూ డ్రైవర్ తీశాను.

లోపల పెద్దగా ఏమీ లేదు. ఒక చిన్న స్పీకరు, మూడు సెల్స్, వేలెడంత సర్క్యూట్ బోర్డు. బోర్డు మీద పసిపిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు ఒక నల్లటి బొట్టు. అది గట్టిపడిన ఎపాక్సీ. దాని కింద చిప్ ఉంటుంది. చౌకగా తయారు చేయాలి కాబట్టి చిప్‌కి వేరే తొడుగు లేకుండా నేరుగా బోర్డుకి అతికించి, పైన ఈ బొట్టు పెట్టేస్తారు. ఆ చుక్క లోపల ఒక గడియారం ఉంది. ఆ మాటను దాని పాత అర్థంలోనే అంటున్నాను.

పూర్వం కాలాన్ని గడియల్లో కొలిచేవారు. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. రంధ్రంలోంచి నీరు ఎక్కి, గిన్నె నిండి, బుడుంగున మునిగేది. మునగగానే కాపలా ఉన్న మనిషి ఒక గంట కొట్టి, గిన్నెను పైకి తీసి, ఒంపేసి, మళ్లీ వదిలేవాడు. ఒక రాత్రీ పగలూ కలిపి అరవై సార్లు మునిగేలా గిన్నె ఉండాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. అంటే ఒక్కో మునక 24 నిమిషాలు, అదే ఒక గడియ. పెళ్లి ముహూర్తాల్లో ఈ మాట ఇప్పటికీ వింటాం.

చిప్ లోపల జరిగేది అచ్చంగా ఇదే. కెపాసిటర్ అనేది గిన్నె, విద్యుదావేశం నీరు. ఆవేశాన్ని కొంచెం కొంచెంగా లోపలికి వదిలే రెసిస్టర్ ఆ సన్నని రంధ్రం. కెపాసిటర్ ఒక మట్టానికి నిండగానే ట్రాన్సిస్టర్ అనే చిన్న విద్యుత్ మీట దాన్ని ఒక్కసారిగా ఖాళీ చేస్తుంది. కాపలా మనిషి అదే. ఖాళీ చేసిన ప్రతిసారీ చిప్‌లో ఒక "టిక్" పుడుతుంది. తేడా అల్లా ఒక్కటే, ఇక్కడ గిన్నె సెకనుకు వేలసార్లు మునుగుతుంది.

ఉదాహరణకి, సెకనుకు 64,000 టిక్కులు అనుకుందాం. షడ్జమం, అంటే "స" కావాలంటే చిప్ ప్రతి 163 టిక్కులకు ఒకసారి స్పీకరును కదిపితే చాలు. 64,000ని 163తో భాగిస్తే దాదాపు 393, అంటే సెకనుకు 393 కంపనాలు, 393 హెర్ట్జ్ ధ్వని. పంచమం, అంటే "ప" కావాలంటే 163కి బదులు 109 లెక్కపెట్టాలి, 587 హెర్ట్జ్ వస్తుంది. ఇక లయ. ఒక్కో స్వరం పావు సెకను మోగాలంటే 16,000 టిక్కులు లెక్కపెట్టి తర్వాతి స్వరానికి వెళ్లాలి. "హలో" అనే గొంతును ముక్కలు ముక్కలుగా, అంకెలుగా దాచి ఉంచుతారు. సెకనుకు 8,000 ముక్కలు కావాలంటే ప్రతి ఎనిమిది టిక్కులకు ఒక ముక్కను బయటికి పంపాలి. స్వరం, లయ, గొంతు, అన్నీ ఒకే గిన్నె మునకలను లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాయి. చిప్‌కి సెకను అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది లెక్కపెట్టడం మాత్రమే.

ఇప్పుడు సెల్స్ సంగతి. కొత్తవి మూడూ కలిపి నాలుగున్నర వోల్టులు ఇస్తాయి. వాడగా వాడగా మూడు వోల్టులకు, ఇంకా కిందికి దిగుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వోల్టేజీ తగ్గితే కెపాసిటర్ నెమ్మదిగా నిండుతుంది కాబట్టి టిక్కులు తగ్గుతాయని చాలామంది చెప్పేస్తారు. పూర్తిగా సరైన మాట కాదది. నీటి ఒత్తిడి సగమైనప్పుడు, "నిండింది" అని చెప్పే మట్టం గీతను కూడా సగానికి దించితే, గిన్నె నిండే సమయం మారదు. 1971లో హాన్స్ కామెన్‌జింద్ రూపొందించిన 555 టైమర్ చిప్ గొప్పతనం ఇదే. అందులో కెపాసిటర్ బ్యాటరీ వోల్టేజీలో మూడో వంతుకీ మూడింట రెండు వంతులకీ మధ్య నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. బ్యాటరీ దిగితే ఆ రెండు గీతలూ దానితోపాటే దిగుతాయి. అందుకే దాని నడక పెద్దగా చెదరదు. కాలేజీ ల్యాబుల్లో ఈ 555తో పిల్లలు బల్బును ఆర్పి వెలిగించి రికార్డు రాసేస్తారు. ఆ మూడో వంతు ఎందుకు అని ఒక్కసారి ఆగి అడిగించే గురువు దొరికితే, ఆ ఒక్క పీరియడ్ జీవితాంతం గుర్తుంటుంది.

మరి బొమ్మ ఎందుకు తప్పుతుంది? చౌక చిప్‌లో చాలాసార్లు రంధ్రం పని చేసేది కూడా ట్రాన్సిస్టరే. ట్రాన్సిస్టర్ ఎంత తెరుచుకుంటుందన్నది దాన్ని తెరిచే కొసకు, అంటే గేటుకు అందే వోల్టేజీ మీద ఆధారపడుతుంది. బ్యాటరీ నీరసిస్తే రంధ్రమే పూడుకుపోయినట్టు సన్నబడుతుంది. కాపలా మనిషి కూడా నీరసిస్తాడు, గిన్నె తీసి ఒంపడానికి ఎక్కువ సేపు తీసుకుంటాడు. ఈ రెండూ కలిసి టిక్కులు 64,000 నుంచి 42,700కి దిగాయనుకోండి. చిప్ మాత్రం తన లెక్క మార్చుకోదు. ప్రతి 163కే షడ్జమం అంటుంది. ఆ షడ్జమం ఇప్పుడు 262 హెర్ట్జ్. హార్మోనియం లెక్కలో చెప్పాలంటే ఐదు శ్రుతిలో పాడుతున్న ఏనుగు ఒకటి శ్రుతికి దిగింది. పావు సెకను స్వరం సెకనులో ఎనిమిదింట మూడు వంతులకు సాగింది. తల్లీ తండ్రీ చేయి పట్టుకుని ఒకే మెట్టు దిగారు.

ఇంకా శ్రద్ధగా వింటే ఒక అందమైన విషయం బయటపడుతుంది. పాటలో డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిసారీ శ్రుతి ఒక్క క్షణం జారి మళ్లీ పైకి లేస్తుంది. పాత సెల్‌లో అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు లోపలే పడే అడ్డు, పెరిగిపోయి ఉంటుంది. గట్టి ధ్వని కోసం స్పీకరు ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజీ కుంగుతుంది, గడియారం తడబడుతుంది, స్వరం వంగుతుంది. ఎవరూ రాయని గమకం అది! కొత్త సెల్స్ వేస్తే వినపడదు.

శ్రుతి ఇంత జారినా రాగం చెడదు. షడ్జమానికీ పంచమానికీ ఉన్న నిష్పత్తి 163, 109 అనే అంకెల్లో ఉంది. అంకెలు మారలేదు కాబట్టి నిష్పత్తీ మారదు. అందుకే ఎంత మూలిగినా అది అదే పాట అని పిల్ల గుర్తుపట్టింది. ఇందులో బొమ్మ గొప్పతనం సగమే. మిగతా సగం పిల్లది. టొరంటోలో శాండ్రా ట్రెహబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే ఐదు నెలల పసివాళ్లకు రాగాలు వినిపించి, గుండె వేగాన్ని బట్టి వాళ్లు ఏది కొత్తగా వింటున్నారో చూశారు. అదే వరసను వేరే శ్రుతిలో వినిపిస్తే పాతదానిలాగే ఉన్నారు, స్వరాల వరస మార్చేస్తే మాత్రం స్పందించారు. మాటలు రాకముందే మనిషికి శ్రుతి కన్నా స్వరాల మధ్య సంబంధం ముఖ్యం. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

గొంతు విషయం వేరు, అక్కడ మనకు భయం వేస్తుంది. మనిషి గొంతులో స్వరతంతువుల స్వరంతోపాటు, వాటి నుంచి పెదవుల దాకా ఉన్న గొట్టం ప్రతిధ్వనులు కూడా ఉంటాయి. గొట్టం ఎంత పొడవైతే అవి అంత కిందికి దిగుతాయి. మామూలుగా మనం గొంతు దించి మాట్లాడినా ఆ గొట్టం పెద్దగా పొడవవదు. బొమ్మలో మాత్రం గడియారం నెమ్మదిస్తే స్వరం, ప్రతిధ్వనులు అన్నీ మూడింట రెండు వంతులకు దిగుతాయి. ఆడవాళ్లలో ఆ గొట్టం సుమారు 14 సెంటీమీటర్లు, మగవాళ్లలో 17. బొమ్మలో 14 కాస్తా 21లాగా వినిపిస్తుంది. అంత గొట్టం ఏ మామూలు మనిషికీ ఉండదు. మన చెవి వెంటనే ఒక భారీ ఆకారాన్ని ఊహించేస్తుంది.

మా బంధువుల ఇంట్లో ఒకసారి అర్ధరాత్రి అటక మీంచి ఇలాంటి గొంతే వినిపించింది. ఎవరూ ముట్టుకోని పాత బొమ్మ. తెల్లారాక ఇల్లంతా పసుపునీళ్లు చల్లారు, దిష్టి తీశారు, బొమ్మను కాలవలో వేశారు. భయపడినందుకు వాళ్లను తప్పుపట్టను, ఆ గొంతుకు ఎవరైనా భయపడతారు. కానీ కారణం సెల్‌లోనే ఉంది. నీరసించిన సెల్ విశ్రాంతి తీసుకుంటే లోపలి అయాన్లు సర్దుకుని వోల్టేజీ కాస్త తేరుకుంటుంది. చచ్చిపోయిన చిప్ లేచి, మొదటి నుంచి "హలో" అంటుంది. పాడగానే వోల్టేజీ పడిపోయి మళ్లీ ఆగిపోతుంది. వానాకాలం చెమ్మ మీటల కింద కార్బన్ బిళ్లల దగ్గర చేరినా ఇలాగే జరగొచ్చు, ఎవరో మీట నొక్కారని చిప్ అనుకుంటుంది. అటక మీద పెట్టే ముందు సెల్స్ తీసేస్తే చాలు.

సెల్స్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. కొన్ని బొమ్మల్లో నాణెంలాంటి బటన్ సెల్స్ ఉంటాయి. పిల్లలు మింగితే అది అన్నవాహికలో చిక్కుకుని, తడి కణజాలంలో కరెంటు పారించి క్షారాన్ని పుట్టిస్తుంది. రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణం వర్తిస్తుంది. కొనేటప్పుడు ఆ గుర్తు చూడండి, సెల్ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి.

మా ఏనుగుకి మూడు కొత్త సెల్స్ వేశాను. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి చూస్తే షడ్జమం సరిగ్గా పాత చోటికి ఎక్కింది. తొండం నొక్కాను, "హలో" అని ఖంగున పలికింది. పిల్ల చెవి ఒగ్గి విని, బొమ్మను తిప్పి వెనక చూసి, పొట్ట మూత కింద వేలు పెట్టి వెతికింది.

"మావయ్యా, ఇది చిన్న ఏనుగు. మరి పెద్ద ఏనుగు ఏదీ?"