కుప్ప కంపు కొడితే

బంగారాలూ,

మీరు పెట్టిన ఎరువు కుప్ప కంపు కొడుతోందనీ, మీ అమ్మ పారబోయమంటోందనీ రాశారు. పారబోయకండి. కుప్పకి ఊపిరాడటం లేదు, అంతే.

చెత్తని ఎరువు చేసేది కంటికి కనబడని సూక్ష్మజీవులు. గాలి ఆడితే ఒక రకం పనిచేస్తాయి, అప్పుడు వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. గాలి ఆడకపోతే ఇంకో రకం చేరతాయి, అప్పుడు మురుగు వాసన. మీరు కూరగాయల తొక్కలూ పచ్చగడ్డీ తప్ప ఇంకేమీ వేసి ఉండరు. అవి తడికి ముద్దయిపోయి గాలి దూరకుండా చేస్తాయి. రెండింతలు ఎండుటాకులో, ఎండుగడ్డో, చింపిన అట్టముక్కలో కలిపి అడుగుది పైకి, పైది అడుక్కి తిరగేయండి. పెద్దవాళ్ళ లెక్కలో చెప్పాలంటే నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు ఉండాలి. ఎండు సరుకులో కర్బనం ఎక్కువ, పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ. తడి చూడటానికి గుప్పెడు తీసి పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి, ధారగా కారితే ఇంకాస్త ఎండుది వేయాలి.

కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే మధ్యలో ఒక ఇనుప చువ్వ గుచ్చి ఉంచండి. నాలుగు రోజులయ్యాక తీసి ముట్టుకుంటే చురుక్కుమంటుంది, జాగ్రత్త! సూక్ష్మజీవులు తింటున్నప్పుడు పుట్టే వేడి అది. 55 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలిస్తే కలుపు విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి. 70 దాటితే మాత్రం ఆ వేడికి సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. అందుకే మళ్ళీ మళ్ళీ తిరగేయడం.

వానపాముల్ని మాత్రం ఇప్పుడే వేయకండి. ఈ పాఠం నాకు బాగా వంటబట్టింది. మొదటిసారి తొందరపడి పచ్చి పేడలో వదిలాను. తెల్లారేసరికి కొన్ని గోడలెక్కాయి, మిగతావి వేడికి పోయాయి. రెండ్రోజులు అన్నం సయించలేదు. పేడ చల్లబడ్డాకే వదలాలి. నీడ ఉండాలి, ఎప్పుడూ చెమ్మ ఉండాలి, ఎందుకంటే అవి చర్మంతోనే ఊపిరి తీసుకుంటాయి. పైపైన చెత్తలో బతికే ఎర్రవి కావాలి. నేలలో లోతుగా బొరియలు తవ్వేవి తొట్టిలో ఇమడవు. రెండు ముక్కలు చేస్తే రెండు పాములవుతాయని ఎవరైనా చెబితే నమ్మి ప్రయోగం చేసేరు, అది ఉత్త మాట.

అన్నట్టు, డార్విన్ తెలుసు కదా? ఆయన వానపాములున్న కుండీల్ని పియానో మీద పెట్టి వాయింపించాడు. దూరంగా ఎంత సంగీతం వాయించినా అవి ఉలకలేదు, పలకలేదు. కుండీ పియానో మీదుండగా మీట నొక్కితే మాత్రం చటుక్కున బొరియలోకి దూరాయి. వాటికి చెవులు లేవు, అదురు తెలుస్తుంది. అంత పెద్దాయన ఏళ్ళ తరబడి వానపాముల వెంట పడ్డాడంటే నాకు భలే ముచ్చట.

ఎరువు నల్లగా, పొడిపొడిగా అయ్యి, ఏది తొక్కో ఏది ఆకో గుర్తుపట్టలేనప్పుడే మొక్కలకి వేయండి. సగం కుళ్ళిన గడ్డి కలిపితే, దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని కూడా లాగేసుకుంటాయి. మొక్క ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. నేలకి జబ్బేదో వచ్చిందని మీరు టెన్షన్ పడతారు.

ఎరువు తయారయ్యేలోగా ఖాళీ మడిలో జనుము చల్లండి. పూతకొచ్చాక కోసి మట్టిలో కలిపేస్తే అదే పచ్చిరొట్ట ఎరువు. కలిపే ముందు ఒక మొక్కని మెల్లగా పెకలించి వేళ్ళు చూడండి, చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే, అందులోని బాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తున్నట్టే.

కుప్ప తిరగేశాక మూడో రోజున వాసన చూసి నాకు రాయండి. తిరగేసేటప్పుడు మాత్రం కంపు ఇంకా ఎక్కువ వస్తుంది, మీ అమ్మ ఇంట్లో లేని పూట చూసుకోండి.

మీ తాతయ్య