నడిస్తే మోకాళ్ళ గుజ్జు అరిగిపోతుందా? ఒక ఆశా కార్యకర్త మాట

"గుజ్జు అరిగిందట బిడ్డా, ఇగ నడువొద్దన్నరు." సికింద్రాబాద్ అడ్డగుట్ట వైపు బస్తీలో ఆశాగా తిరిగే నాకు ఈ మాట వినబడని వారం ఉండదు. ఎవరన్నారమ్మా అని అడిగితే పక్కింటామె అంటారు, వాట్సాప్ వీడియో అంటారు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పు ఎంతుందో చూసే సీబాక్ ఫారం నింపేటప్పుడు, వారానికి కనీసం 150 నిమిషాలు శరీరానికి శ్రమ ఉందా అని అడుగుతాం. గుజ్జు మాట అక్కడే మొదలవుతుంది.

అపోహ: మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు నడవకూడదు.

వాస్తవం: గుజ్జు అంటే కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొర (కార్టిలేజ్). అది నడిచేకొద్దీ అరిగిపోయే చెప్పు అడుగుభాగం లాంటిది కాదు. దానికి రక్తనాళాలు లేవు, పోషణంతా కీలులోని ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులైతేనే ఆ ద్రవం లోపలికి చేరుతుంది. కూర్చుండిపోతే తొడ కండరం బలం తగ్గి మోకాలికి ఆసరా పోతుంది, ఒళ్ళు పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్ళు ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

మా బస్తీలో ఒక పెద్దమ్మ ఈ భయంతో రెండేళ్ళు గడప దాటలేదు. కూరగాయలు కోడలు తెచ్చేది, మంచినీళ్ళు మనవడు అందించేవాడు. అంతా ప్రేమతోనే. సర్వేలో చూస్తే షుగర్ బాగా ఎక్కువుంది. "కాళ్ళు పోతయని కూసున్న, ఈ షుగర్ ఎట్లొచ్చింది బిడ్డా" అని ఏడ్చింది. నాకు కోపమొచ్చింది ఆ మాట పుట్టించినవాళ్ళ మీద. భయపడ్డ మనిషిని ఏమంటాం?

బస్తీ దవాఖానాలో డాక్టర్ చూసి సరేనన్నాక కుర్చీలో మొదలుపెట్టాం. కాలు ముందుకు చాపి, అయిదు లెక్కపెట్టి, దించడం. ఒక్కో కాలికి 10 సార్లు. తర్వాత గల్లీ చివరిదాకా నడక, పక్కన నేను. మా గల్లీలన్నీ ఎత్తుపల్లాలు కాబట్టి ముందు చదునైన చోటే నడిపించాను. నడుస్తుంటే కొద్దిగా నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే టెన్షన్ పడక్కర్లేదు. మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరమున్నా, పడ్డాక కాలు మోపలేకపోయినా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. నడకలో ఛాతీ పట్టేసినట్టుంటే ఆగి, వెంటనే ఆసుపత్రికి.

జనం అడిగే మిగతా ప్రశ్నలకు త్వరగా చెప్తాను. ఇంటిపని చాలదా? బిందెలు మోయడం, ఊపిరి వేగం పెరిగేలా ఇల్లు తుడవడం ఆ 150 నిమిషాల లెక్కలోకొస్తాయి, పొయ్యి దగ్గర నిలబడటం రాదు. అరగంట ఒకేసారి కుదరాలా? అక్కర్లేదు, ముక్కలుగా చేసినా పనికొస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. షుగర్ మాత్ర వేసుకుంటే నడక ఎందుకు? రెండూ కావాలి.

ఆశా అంటే కాన్పులకూ టీకాలకేగా అని కూడా అంటారు. ఈ వయసులో వాకింగ్ ఏంటని నలుగురూ నవ్వుతారేమోనని ఆగిపోయే ఆడవాళ్ళు ఎందరో. "ఆశమ్మతో పోతున్నా" అంటే ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పరు. అందుకే మొదటి కొన్ని రోజులు వాళ్ళ పక్కన నడవడం కూడా నా పనేనని నమ్ముతాను.

మొన్న ఆ పెద్దమ్మ కోడలు గల్లీలో నన్ను ఆపింది. "అక్కా, కూరగాయలకు తనే పోతానంటోంది అత్తమ్మ, పంపాల్నా?" పంపమన్నాను. సంచి మాత్రం బరువు కాకుండా చూడమన్నాను.