దేవునికి లోబడటం భారమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"ఆయన ఆజ్ఞలు భారమైనవి కావు" (1 యోహాను 5:3). ఈ వచనం చదివినప్పుడల్లా మా సంఘంలో కొందరి ముఖాల్లో అనుమానం కనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టను. వాళ్లు మోస్తున్న బరువులో దేవుడు పెట్టిందెంత, కాపరులమైన మేం పెట్టిందెంత అన్నది ముందు తేలాలి.

అపోహ: లోబడితేనే దేవుడు దగ్గరికి తీస్తాడు.

వాస్తవం: ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడిన కథ చెప్పే నిర్గమకాండం వరుస చూడండి. విడుదల రాత్రి ఆచరించిన పస్కా 12వ అధ్యాయంలో, సముద్రం దాటడం 14లో, పది ఆజ్ఞలు 20లో. "ముందు ఈ పదీ పాటించండి, ఆ తర్వాత ఐగుప్తు రాజు ఫరో చేతిలోనుంచి విడిపిస్తాను" అని దేవుడు ఎక్కడా అనలేదు. దాసుల గృహం నుంచి నిన్ను బయటికి తెచ్చినవాణ్ణి నేనే అని గుర్తుచేశాకే మొదటి ఆజ్ఞ చెప్పాడు.

అపోహ: ఆజ్ఞలంటే చేయకూడని పనుల చిట్టా.

వాస్తవం: విశ్రాంతి దినం సంగతే తీసుకోండి. నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని మరవకు అంటుంది ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం. ఇటుకలు చేసీ చేసీ నడుం విరిగినవాళ్లకు అది చల్లని కబురు.

మన ఒంగోలు చరిత్రలోనూ ఇదే జరిగింది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అక్కడికి వచ్చాక మాదిగ పల్లెల్లో విశ్వాసంలోకి వచ్చినవారికి చెప్పిన ముఖ్యమైన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. వినడానికి మూడూ "వద్దు"లే. కానీ తరతరాలుగా ఊరి చాకిరీలో మగ్గినవాడు మోతుబరి ముఖం మీద "ఈరోజు పనికి రాను" అనగలిగాడంటే మాటలా? అందుకే ఊరి పెద్దలకు కోపం వచ్చింది, ఆ కుటుంబాలు వేధింపులు పడ్డాయి. ఇప్పుడు అదే ఆదివారాన్ని పొద్దున ఆరాధన, మధ్యాహ్నం యవ్వనస్థుల కూటం, సాయంత్రం గృహ ప్రార్థన అంటూ నింపేసి మేమే విశ్వాసులను అలసగొడుతున్నాం. అది వేరే బాధ.

అపోహ: మనసు ఒప్పుకోకుండా లోబడితే అది వేషధారణ.

వాస్తవం: తోటకు పోనని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని వెళ్లిన కొడుకే తండ్రి మాట నెరవేర్చాడని యేసు చెప్పాడు (మత్తయి 21). సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన కూడా ఆ శ్రమల గిన్నె తొలగించమని వేడుకున్నాకే తండ్రి చిత్తానికి తల వంచాడు.

అపోహ: సంఘ పెద్దలు చెప్పిందల్లా దేవుని ఆజ్ఞే.

వాస్తవం: అసలు బరువు ఇక్కడే ఉంది. నగలు తీసెయ్యి, టీవీ అమ్మెయ్యి అన్నవన్నీ పది ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ మీద నుంచి దిగినవి కావు. మార్కు 7లో కొర్బాను గొడవ చదవండి. దేవునికి అర్పించేశామన్న సాకుతో తల్లిదండ్రులను గాలికి వదిలేసినవాళ్లను యేసు నిలదీశాడు. మందిరం రేకులకు కానుక తెచ్చిన ఒక సహోదరుడి ఇంట్లో తల్లి షుగరు మాత్రలు అయిపోయి వారమైందని తెలిసింది. ఆ కవరు ఆయన జేబులోనే పెట్టి మందుల షాపుకు పంపాను. రేకులు మరో ఏడాది వేసుకోవచ్చు.

భర్త కొడుతున్నాడని వచ్చిన అమ్మాయికి ఎఫెసీ 5:22 చూపించి "లోబడి ఉండమ్మా" అని తిప్పి పంపే సేవకులున్నారు. పైనున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది, కిందున్న 25వ వచనం భార్యను ప్రేమించమని భర్తకు చెబుతుంది. అవి వాళ్ల కంట పడవు కాబోలు! "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అని అపొస్తలులు యూదుల మహాసభ ఎదుటే అన్నారు (అపొస్తలుల కార్యములు 5:29). దేవునికి లోబడినవాళ్లకు అన్యాయాన్ని కాదనే హక్కు ఉంది. కాబట్టి అలాంటి అమ్మాయి మీ దగ్గరికి వస్తే ముందు ఆమెను క్షేమమైన చోటికి చేర్చండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి. వాక్యం ఆ తర్వాత చదువుకోవచ్చు.